మన గూళ్ళ మార్కెట్ ఊరిని కొత్తవాళ్ళ కళ్ళతో చూద్దాం



పిల్లనిచ్చే ముందు మన పెద్దలు ఒక పని చేస్తారు. పదిమందిని వెంటేసుకుని వెళ్ళకముందే ఎవరో ఒకరు చెప్పాపెట్టకుండా ఆ ఊరికి వెళ్ళొస్తారు. బస్టాండు దగ్గర టీ తాగుతారు. మాటల్లో మాటగా ఫలానా వాళ్ళిల్లు ఎక్కడ అని అడుగుతారు. చెప్పి వెళ్తే పీట వేసి కాఫీ ఇస్తారు, అంతా బాగానే ఉంటుంది. చెప్పకుండా వెళ్తేనే ఊరు ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది.

మన గూళ్ళ మార్కెట్లు ఉన్న ఊళ్ళను కూడా ఇట్లాగే చూసి రావాలని మేము అంటున్నాం. అదీ మనమే, రైతులమే.

ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రం ఉంది, పాడికి పేరు. అక్కడి విశ్వవిద్యాలయంలో రైతులకు, చిన్న ఊళ్ళకు సలహాలిచ్చే విభాగం వాళ్ళు 1991లో ఒక కార్యక్రమం తయారు చేశారు. పేరు 'ఫస్ట్ ఇంప్రెషన్స్', అంటే తొలి చూపు. ఒకే రకంగా ఉండే రెండు చిన్న ఊళ్ళను జత కడతారు. ఈ ఊరి నుంచి కొందరు మామూలు మనుషులు ఆ ఊరికి, ఆ ఊరి నుంచి కొందరు ఈ ఊరికి, ఎప్పుడొస్తున్నారో చెప్పకుండా వెళ్తారు. ఊళ్ళోకి అడుగుపెట్టిన మొదటి ఐదు నిమిషాల్లో ఏమనిపించిందో రాసుకుంటారు. దారి అడుగుతారు, అంగట్లో ఏదో కొంటారు, మరుగుదొడ్డి వెతుక్కుంటారు, ఏం వాసన వచ్చిందో కూడా రాస్తారు. అందరి చేతిలో ఒకే ప్రశ్నల పుస్తకం ఉంటుంది. తర్వాత ఫోటోలతో సహా నివేదిక రాసి అవతలి ఊరికి అప్పగిస్తారు. ఖర్చు తక్కువ, పెద్ద చదువులు అక్కర్లేదు. అందుకే అది విస్కాన్సిన్ దాటి అమెరికాలో చాలా రాష్ట్రాలకు, కెనడాకు పాకింది.

ఇది మనకెందుకు అంటారా? మన సరుకు వల్లే మనకు ఇది ఎక్కువ అవసరం.

పురుగుల్ని చంద్రికల మీదకు ఎక్కించిన ఐదారు రోజులకు, బైవోల్టైన్ అయితే ఇంకో రోజో రెండు రోజులో ఆగి, గూళ్ళు విడిపిస్తాం. అక్కడి నుంచి గడియారం మన మీద తిరుగుతుంది. రోజురోజుకీ తూకం తగ్గుతుంది. ఇంకా ఆలస్యమైతే లోపలి ప్యూపా రెక్కల పురుగై గూడు చీల్చుకుని బయటికొస్తుంది, ఆ గూడు దారం తీయడానికి పనికిరాదు. రాగి బస్తా అయితే ధర నచ్చకపోతే ఇంటికి తెచ్చుకుని అటక మీద పెట్టుకోవచ్చు. గూళ్ళు తెచ్చుకోలేం. తెల్లారకముందే మార్కెట్ గేటు ముందు నిలబడ్డ రైతు ఆ రోజుకు ఆ ఊరి చేతిలో చిక్కినట్టే. నీళ్ళు లేకపోయినా, కూర్చునే చోటు లేకపోయినా, ఎవరు ఏకవచనంతో పిలిచినా, అమ్మి డబ్బు తీసుకునే దాకా కదలలేడు. తర్వాతి పంటకు మళ్ళీ వస్తాడు.

మళ్ళీ వచ్చాడు కాబట్టి అన్నీ బాగున్నాయని ఊరు అనుకుంటుంది. అతని అవసరాన్ని ఊరు తృప్తి అనుకుంది. అసలు తప్పు ఇక్కడే ఉంది. పోక తప్పని చోట ఎవరూ ఫిర్యాదు చేయరు. ఫిర్యాదు లేని చోట ఎవరూ బాగు చేయరు.

మరి ఊళ్ళో వాళ్ళకు కనపడదా అంటే, నిజంగానే కనపడదు. దారం తీసే ఊళ్ళో ఉడికిన ప్యూపా వాసన ఉంటుంది. కొత్తగా దిగినవాళ్ళు ముక్కు మూసుకుంటారు, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు ఆ వాసన ఉన్నట్టే తెలియదు. కళ్ళు కూడా అంతే. పదేళ్ళుగా రోజూ దాటుకుంటూ పోయే గుంత కొన్నాళ్ళకు కనిపించడం మానేస్తుంది. తెలిసినవాళ్ళు ఎవరైనా ఎత్తి చూపిస్తే, 'వాడు ఫలానా పార్టీ, అందుకే అంటున్నాడు' అని కొట్టేస్తారు. పొరుగూరి నుంచి వచ్చిన రైతుకు ఇక్కడ పార్టీ లేదు, ఓటు లేదు, పాత పగలు లేవు. అందుకే ఆ మాటకు బరువు ఎక్కువ.

మనలాంటి తెలుగువాళ్ళకు ఇంకొక సంగతి ఉంది. కోలారు, చిక్కబళ్ళాపుర వైపు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళలో చాలామంది చదివింది కన్నడంలో. హోసూరు, డెంకణికోట వైపు వాళ్ళు చదివింది తమిళంలో. హిందూపురం, కుప్పం వైపు నుంచి వచ్చేవాళ్ళకు తెలుగు అక్షరాలే తెలుసు. కన్నడ బోర్డును తెలుగు చదివినవాళ్ళు కూడబలుక్కుని ఎట్లాగో చదువుతారు, రెండు లిపులూ దగ్గరివి. తమిళ బోర్డు ముందు అదే మనిషికి ఒక్క అక్షరం దొరకదు. లాట్ నంబరు ఎక్కడ తీసుకోవాలి, కౌంటర్ ఏది, ఆడవాళ్ళ గది ఏ వైపు అని ప్రతిదానికీ ఎవరినో అడగాలి. అట్లా అడిగేవాళ్ళ కోసమే కొందరు మధ్యవర్తులు గేటు దగ్గర కాచుకుని ఉంటారు. చిన్న బాణం గుర్తు, బొమ్మతో ఒక బోర్డు పెడితే ఆ మధ్యవర్తి పని సగం పోతుంది. ఈ సంగతి రోజూ అక్కడే ఉండేవాళ్ళకు తట్టదు. చదవలేక నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది.

*ఏం చూడాలి?*

మా లెక్క ప్రకారం ఒక జట్టుకు నలుగురు చాలు. ఒక పెద్దాయన, పురుగుల పని చేసే ఒక ఆడమనిషి, ఒక కుర్రవాడు, అక్కడి లిపి చదవడం రాని ఒకరు. వీళ్ళు కలిసి తిరగకూడదు. ఎవరికి వాళ్ళు చూసి, ఎవరికి వాళ్ళు రాసుకోవాలి. చూడాల్సినవి ఇవి:

1. బస్టాండులో దిగినవాళ్ళు ఎవరినీ అడక్కుండా మార్కెట్ చేరగలరా? ఎంతమందిని అడగాల్సి వచ్చింది?

2. చీకటితో వచ్చినవాళ్ళకు లైటు, తాగే నీళ్ళు, వాన పడితే గూళ్ళు తడవకుండా దించుకునే చోటు ఉన్నాయా?

3. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తెరిచి ఉందా, గడియ పడుతుందా, నీళ్ళు వస్తున్నాయా? తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

4. ఏదైనా అడిగితే 'మీరు' అన్నారా, 'ఏం రా' అన్నారా? పెద్దాయనతో ఎట్లా మాట్లాడారు, ఆడమనిషితో ఎట్లా మాట్లాడారు?

5. తూకం అంకెలు రైతుకు కనపడేటట్టు ఉన్నాయా? వేలంలో వచ్చిన ధర నచ్చకపోతే ఏం చేయాలో ఎవరైనా చెప్పారా?

6. డబ్బు ఎప్పుడు, ఎట్లా వస్తుందో స్పష్టంగా చెప్పారా? చేతిలో కాగితం ఇచ్చారా?

7. మార్కెట్ బయట బ్లీచింగ్ పౌడరో, సున్నమో కొంటే బిల్లు ఇచ్చారా? టిఫిన్ ధర రైతుకు ఒకటి, ఊరివాళ్ళకు ఒకటి ఉందా?

8. పని ముగిసేసరికి ఇంటికి బస్సు ఉందా? లేకపోతే రాత్రికి తల దాచుకునే చోటేది?

ఇందులో మూడోది, నాలుగోది మాకు ముఖ్యం. పురుగుల ఇంట్లో ఆకు వేసేది, చెత్త తీసేది, చంద్రికల మీదకు ఎక్కించేది ఎక్కువగా ఆడవాళ్ళే. మార్కెట్లో మాత్రం వాళ్ళు తక్కువగా కనపడతారు. ధర మాట్లాడడం చేతకాక కాదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మరుగుదొడ్డి లేని చోట నిలబడడం ఎట్లా అని ఇంట్లో ఉండిపోతారు. పంట చేసిన చేతికి డబ్బు నేరుగా అందాలంటే ఒక గడియ పడే తలుపు కావాలి. ఇంత పెద్ద విషయం అంత చిన్న దాని దగ్గర ఆగింది.

*'ఇది గూఢచారి పని కాదా?'*

ఈ మాట కొందరు అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. కథల్లో రాజులు మారువేషం వేసి రాత్రిపూట ఊరు తిరిగేవాళ్ళు, తెల్లారి ఎవరికో ఒకరికి శిక్ష పడేది. మేము అడుగుతున్నది అది కాదు. అందుకే కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి.

వేషాలు వద్దు, అబద్ధాలు వద్దు. మన గూళ్ళు మనం అమ్ముకోవడానికే వెళ్ళాలి, లేదా మార్కెట్ చూడడానికి వచ్చామని చెప్పాలి. అమ్మే ఉద్దేశం లేని లాట్ వేలానికి పెడితే రీలర్ల టైము పాడు చేసినట్టు. ఎవరి పేరూ రాయకూడదు. 'ఫలానా గుమాస్తా' అనకుండా 'కౌంటర్ దగ్గర' అని రాస్తే చాలు. దొంగచాటుగా మనుషుల వీడియో తీయకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, నివేదిక ముందు ఆ ఊరివాళ్ళ చేతికే వెళ్ళాలి. మార్కెట్ అధికారికి, పురసభకు, రీలర్ల సంఘానికి ఇవ్వాలి. బాగున్నవి ముందు, బాగుపడాల్సినవి తర్వాత. వాళ్ళకు ఒక పంట కాలం గడువివ్వాలి. ఈ గ్రూపుల్లో చెడిపోయిన మరుగుదొడ్డి వీడియోలు ఎన్ని తిరిగాయో మనకు తెలుసు. అందరూ చూశారు, నవ్వారు, ఇంకో గ్రూపుకు పంపారు. తలుపుకు గడియ మాత్రం పడలేదు.

'మా ఊరిని ఎంచడానికి మీరెవరు?' అని ఎవరైనా అడిగితే జవాబు ఈ పద్ధతిలోనే ఉంది. మనం వాళ్ళ ఊరు చూస్తాం, వాళ్ళు మన ఊరు చూస్తారు. రేపు మన గురించి కూడా రాస్తారని తెలిసినవాళ్ళు ఎదుటివాళ్ళ గురించి ఒళ్ళు దగ్గర పెట్టుకునే రాస్తారు.

దీనితో అన్నీ తేలిపోతాయని మేము అనడం లేదు. ఒక్కరోజు చూపుకు ఒక్కరోజే కనపడుతుంది. గూళ్ళు కుప్పలుగా వచ్చే రోజు ఒక తీరు, వానాకాలంలో పల్చగా వచ్చే రోజు ఇంకో తీరు. కాబట్టి రెండుసార్లు వెళ్ళాలి. దారం తీసేవాళ్ళ అప్పులు, కూలీల చేతుల మీద వేడినీళ్ళ పుండ్లు బస్టాండు నుంచి కనపడవు. వాటికి వేరే దారి చూడాలి. ధర కూడా దీనివల్ల పెరగదు. కానీ ధర మన చేతిలో లేదని, మన చేతిలో ఉన్నవి కూడా వదిలేయాలా?

మేము కోరేది ఒక్కటే. శిడ్లఘట్ట, ధర్మపురి, హిందూపురం, మూడు రాష్ట్రాల్లో మూడు మార్కెట్ ఊళ్ళు. మూడు చోట్లకూ మనవాళ్ళు వెళ్తున్నారు. ఒక వైపు సంఘం ఇంకో వైపు సంఘంతో జత కట్టి, వచ్చే రెండు పంటల్లో ఒక్కొక్క జట్టును పంపితే చాలు. బస్సు ఛార్జీ, పూట భోజనం తప్ప ఖర్చు లేదు. పై ఎనిమిది ప్రశ్నల్ని కన్నడంలో, తమిళంలో రాసిపెట్టగలవాళ్ళు ప్రతి సంఘంలో ఉన్నారు.

వచ్చే నెల మీ సంఘం కూర్చున్నప్పుడు ఈ మాట ఎత్తండి. ఎవరు వెళ్తారో పేర్లు అక్కడే తేల్చండి, ఏ రోజు వెళ్తారో మాత్రం బయట చెప్పకండి. జట్టులో మొదట ఒక అక్క పేరో చెల్లెలి పేరో రాయండి.