సుగంధతైలమునకు వెలుతురే సాక్షి

నిమ్మగడ్డి పెంచి, ఆవిరిచే నూనె దించు రైతునకు కష్టము తనది, ధర నిర్ణయము పరులది. కొనువాడు మూత తీసి, వాసన చూచి, సరుకు నాసిరకమని ధర తగ్గించినచో, కాదనుటకు రైతునొద్ద ఆధారము లేదు. ఈ లోపమును సంఘములే తీర్పవలెనని మా అభిప్రాయము.

ఈ నూనె విలువ ముఖ్యముగా సిట్రాల్ అను పదార్థమును బట్టి యుండును. మంచి నూనెలో అది సాధారణముగా నూటికి 70 మొదలు 80 పాళ్ల వఱకు నుండును. కంటికి కానరాని పరారుణ కిరణములను నూనెలోనికి పంపినచో, అందలి ప్రతి పదార్థమును తనకు తగిన కిరణములనే గ్రహించును. ఏ కిరణ మెంత తగ్గినదో యంత్రము గీతగా చూపును. వంటనూనెగాని కిరసనాయిలుగాని తగినంత కలిసినచో ఆ గీత మాఱును. 1928లో సర్ సి. వి. రామన్ గారు కనుగొనిన కాంతిధర్మముచేతను ఇట్టి పరీక్ష చేయవచ్చును. కొన్ని చుక్కలు, కొన్ని నిమిషములు చాలును.

అయితే, రసాయనశాలలో పాళ్లు తేల్చిన మచ్చులతో యంత్రమును ముందుగా సరిచూడవలెను. మిక్కిలి స్వల్పమైన కల్తీ దానికి చిక్కకపోవచ్చును. అనుమానము కలిగినపుడు సంపూర్ణ పరీక్ష అవసరము.

ఒంటరి రైతు కొనజాలని యంత్రమును సంఘములు కూడి కొనవచ్చును. అంతవఱకు ప్రతి డబ్బానుండి రెండు మచ్చులు తీసి, ముద్రవేసి, ఒకటి సంఘమునందుంచి, రెండవది పరీక్షకు పంపుడు. పాళ్లను బట్టియే ధర యడుగుడు. సభ్యులారా! ఈ సాక్షి మనవారి కల్తీనిగూడ దాచదు. న్యాయమైన ధర కోరువారు ముందుగా స్వచ్ఛమైన సరుకు నీయవలెను.