నేరము చొక్కాది గాదు

పాశ్చాత్య నగరములలోని నైట్‌క్లబ్బుల వాకిండ్లయందు ఉడుపులను గూర్చిన నియమములు వ్రేలాడగట్టు నాచారము క్రొత్తది గాదు. చినిగిన బట్టలు కూడదు, ఆటల టోపీలు కూడదు, పనివాండ్ర బూట్లు కూడదు అను నిబంధనలు చిరకాలముగ నున్నవే. ఇవి శుభ్రతను, మర్యాదను ఉద్దేశించినవని యజమానులు చెప్పుదురు. కాని గడచిన కొన్ని దశాబ్దములలో ఈ పట్టికకు వేఱొక జాతి నిషేధము చేరినది. ఫలానా కంపెనీ ముద్ర గల చొక్కా తొడిగినవానికి ప్రవేశము లేదు. ఏలయన, ఆ ముద్రను దుండగుల ముఠాలు ధరించుచున్నవి. ఇదియే ఆ క్రొత్త నియమము. చొక్కా శుభ్రముగ నున్నను, వెలగలదైనను, తొడిగినవాడు సౌమ్యుడైనను ప్రయోజనము లేదు. ఈ నియమము న్యాయమైనదియు గాదు, ఫలదాయకమైనదియు గాదని మా యభిప్రాయము.

రాత్రివేళ ఆటపాటలకు బోవువారి గొడవ మనకేల యని కొందఱు పాఠకులు తలపవచ్చును. వినోదశాల స్వల్పవిషయమే. కాని మనుష్యుని చేతలను బట్టి గాక వేషమును బట్టి తీర్పు చెప్పు నధికారము స్వల్పవిషయము గాదు.

ముందుగా యజమానుల పక్షమున చెప్పదగినది చెప్పవలయును. అర్ధరాత్రమున, మద్యము త్రాగిన వందలకొలది జనము ఒక్క గదిలో క్రిక్కిరిసియుండగా, పరస్పర వైరము గల రెండు ముఠాలవారు ఎదురుపడినచో నేమగునో ఊహించుట కష్టము గాదు. ఒక్క కత్తిపోటు జరిగెనా, గాయపడినవాని ప్రాణముతోబాటు ఆ శాల లైసెన్సు గూడ ప్రమాదమున బడును. ద్వారమున నిలుచు కావలివానికి ఒక్కొక్కని గూర్చి విచారించుటకు గల వ్యవధి కొన్ని క్షణములు మాత్రమే. కలహము చెలరేగినచో ముందుగా అడ్డుపడవలసినవాడును అతడే. అట్టివాడు కంటికి గనబడు గుర్తు నొకదానిని పట్టుకొని నిర్ణయించుకొన జూచుట సహజము. అతని భయమును మేము పరిహసింపము. ఆ భయమునకు ఈ నియమము మందగునా యన్నదే ప్రశ్న.

2004వ సంవత్సరమున ఇంగ్లండునందలి లెస్టరు నగరములో కొన్ని పానశాలలవారు బర్బెరీ కంపెనీ బట్టలు ధరించినవారిని లోనికి రానీయమని ప్రకటించిరి. ఈ కంపెనీని 1856లో థామస్ బర్బెరీ స్థాపించెను. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు సైన్యాధికారులు ధరించిన కోట్ల మూలమున దీనికి గొప్ప ప్రఖ్యాతి గలిగెను. లేతగోధుమవన్నెపై నలుపు, తెలుపు, ఎఱుపు చారలు గల దీని గళ్లబట్ట చిరకాలము సంపన్నుల చిహ్నముగ నుండెను. ఫుట్‌బాల్ పందెములయొద్ద దొమ్ములు చేయు మూకలు ఆ బట్టను మెచ్చి ధరింపసాగినంతనే అది పానశాల వాకిట దుండగుల గుర్తయినది. కడకు కంపెనీవారే తమ గళ్లటోపీల అమ్మకమును మానుకొనిరి.

ఈ మూకలు వెలగల బట్టలకు ఏల మరలినవో విచారించినచో మన ప్రశ్నకు సగము సమాధానము దొరకును. పూర్వము దొమ్మికాండ్రను బరువైన బూట్లను బట్టి, కత్తిరించిన జుట్టును బట్టి, తమ జట్టు రంగుల మెడగుడ్డలను బట్టి పోలీసువారు గుర్తించుచుండిరి. 1970వ దశాబ్దపు చివరనుండి ఆ యువకులు ఆ గుర్తులను విసర్జించి, ఐరోపా ఖండపు ఖరీదైన క్రీడాదుస్తులను తొడుగ నారంభించిరి. అట్టి దుస్తులలో పోలీసువారి కన్ను గప్పుట వారికి సులభమయ్యెను. అనగా వేషమును బట్టి కాపుగాయుటచేతనే వేషము మారినది. ఇట్లు మారిన వేషమును మరల నిషేధించినచో దొమ్మికాడు మూడవ వేషము వేయును. చొక్కా మార్చుకొనుట వానికి ఒక్క నిమిషపు పని. నిషేధపు భారమంతయు, ముఠాల సంగతి యెఱుగక అంగడిలో నచ్చిన బట్టను కొనుక్కొన్న అమాయకునిపై బడును.

ఫ్రెడ్ పెర్రీ కంపెనీ కథ ఇంకను విచిత్రమైనది. ఫ్రెడ్ పెర్రీ నూలుమిల్లులో పనిచేసిన యొకని కుమారుడు. ఆ తండ్రి పిమ్మట లేబరు పక్షమున పార్లమెంటు సభ్యుడయ్యెను. కుమారుడు 1934, 1935, 1936 సంవత్సరములలో వరుసగా వింబుల్డన్ టెన్నిసు పందెములను గెలిచెను. అతని పేర వెలసిన చొక్కాను ఇంగ్లండునందలి కార్మిక యువకులు ఆదరించిరి. జమైకానుండి వచ్చిన నల్లవారి సంగీతమును ప్రేమించిన తెల్లకుఱ్ఱలును వారిలో నుండిరి. తరువాత జాతిద్వేషము గల కొన్ని మూకలును దానినే తొడిగినవి. అమెరికాలో 2016లో పుట్టిన ప్రౌడ్ బాయిస్ అను సంఘమువారు పసుపు అంచులు గల నల్లచొక్కాను తమ యూనిఫారముగ జేసికొనగా, ఆ రకపు చొక్కాను అమెరికా, కెనడాలలో విక్రయింపమని 2020 సెప్టెంబరులో కంపెనీవారు ప్రకటించిరి. కంపెనీవారు తమ సరకును అంగడినుండి ఉపసంహరించుకొన గలిగిరి గాని, దానిని తొడుగువారి మనస్సులపై వారికేమి యధికారము గలదు? అదే ముద్ర గల చొక్కాను చూచి కావలివాడు ఎవనిని గుర్తింపవలయును? టెన్నిసు నభిమానించువానినా, సంగీతప్రియునా, జాతిద్వేషినా?

అక్షరములు గూడ నేరమునకు సాక్ష్యము లయినవి. లాన్స్‌డేల్ అనునది మల్లయుద్ధమునకు గాక ముష్టియుద్ధమునకు వలయు సామగ్రి చేయు నొక బ్రిటిషు కంపెనీ ముద్ర. ఆ పేరు వ్రాసిన చొక్కాపై అంగీ తొడిగి గుండీలు విప్పియుంచినచో నడిమి అక్షరములు కొన్ని మాత్రమే కానవచ్చును. అవి జర్మనీయందలి హిట్లరు పక్షపు పేరులోని తొలి యక్షరములను దలపించుటచే నవనాజీలు ఆ చొక్కాను ధరించిరి. కంపెనీవారు అట్టివారి దుకాణములకు సరకు పంపుట మాని, అన్ని వర్ణములవారును తమకు ప్రియులే యని ప్రచారము చేయవలసివచ్చెను. తమ పేరులోని నాలుగక్షరముల పొంతనకు ఆ కంపెనీవారు ఏ పాపము చేసిరి? ఆ చొక్కా కొన్న వ్యాయామశాల కుఱ్ఱవా డేమి చేసెను?

ఉడుపును నేరముగ నెంచు బుద్ధి ఎంతదూరము బోవునో 1943 జూన్‌లో లాస్ ఏంజిలస్ నగరము చూపినది. వెడల్పయిన భుజములు, పొడవైన కోటు, వదులైన షరాయి గల జూట్ సూటు అను దుస్తును మెక్సికో సంతతి యువకులు అభిమానించుచుండిరి. యుద్ధకాలమున ఉన్నిని పొదుపు చేయవలసియుండగా ఇంత గుడ్డ వ్యర్థము చేయుట దేశద్రోహమను ప్రచారము చెలరేగెను. నావికులును సైనికులును వీధులలో ఆ యువకులను పట్టుకొని కొట్టి, బట్టలు ఊడదీసిరి. పోలీసువారు దెబ్బలు తినినవారినే పెక్కుమందిని నిర్బంధించిరి. నగరసభవారు కొట్టినవారిని దండింపుమని గోరక, ఆ దుస్తును నిషేధింపవలయునని తీర్మానించిరి! దుస్తు నెపము, ద్వేషము జాతిపై.

నేటి నైట్‌క్లబ్బు వాకిట అంత ఘోరము జరుగుచున్నదని మే మనుట లేదు. కాని పలకపై వ్రాసిన నియమము ఎవనికి వర్తించునో నిర్ణయించువాడు ద్వారమున నిలిచిన యొక్క మనుష్యుడే. అదే ముద్ర గల చొక్కా తొడిగిన ధనవంతుని లోనికి బంపి, పేటవాడగు నల్లకుఱ్ఱవానిని వెనుకకు ద్రిప్పినచో అడుగువా డెవడు? బ్రిటనునందు 2010 నాటి సమానత్వ చట్టము జాతిని బట్టి ప్రవేశము నిరాకరించుటను నిషేధించినది. చొక్కాను బట్టి నిరాకరించుటను నిషేధింపలేదు. మొదటిదానిని చేయగోరువానికి రెండవది తెఱచిన దొడ్డివాకిలి యగును. లండను పోలీసువారు 2005లో ప్రవేశపెట్టిన 696వ నంబరు ఫారము, సంగీతసభ జరుపువారిని ఏ తరగతి సంగీతము వినిపింతురని ప్రశ్నించుచుండెను. తొలిదినములలో ఏ జాతివారు వత్తురనియు ప్రశ్నించెను. అది నల్లవారి సంగీతమునకు ప్రతిబంధకమైనదని తీవ్రవిమర్శలు రాగా 2017లో దానిని రద్దుచేసిరి.

మనకు ఈ పాఠము క్రొత్తది గాదు. 1930లో ఉప్పు సత్యాగ్రహము సాగుచుండగా గుంటూరులో గాంధీటోపీ ధరింపరాదని అధికారులు నిషేధాజ్ఞ గావించిరి. టోపీని దీసివేసిన తలలోని తలంపు పోదని వారెఱుగకపోయిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట గూడ, 2014 జూలైలో, చెన్నపట్టణమునందలి యొక క్లబ్బువారు పుస్తకావిష్కరణ సభకు పంచెకట్టుతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని లోనికి రానీయలేదు. అందుపై ఆ సంవత్సరమే తమిళనాడు శాసనసభ అట్టి నిరాకరణమును నిషేధించుచు చట్టము చేసినది. న్యాయమూర్తికి జరిగిన యవమానమునకు శాసనసభ కదలినది. పేరులేని యువకునకు జరిగిన యవమానమునకు ఎవరు కదలుదురు?

ఇచట నొక భేదమును గుర్తింపవలయును. అంగడిలో ఎవడైనను కొనగల బట్ట వేఱు. ముఠా తన సభ్యులకు మాత్రమే యిచ్చు చిహ్నము వేఱు. ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో మోటారు సైకిళ్ల ముఠాలవారు వీపుపై ముఠా పేరును, బొమ్మను కుట్టించుకొని తిరుగుట వాడుక. దానిని అన్యుడు ధరింపడు. చూచినవానిని బెదరించుటయే దాని పని. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2021లోను, న్యూజిలాండులో 2024లోను చేసిన చట్టములు, పేర్కొనబడిన ముఠాల అట్టి చిహ్నములను బహిరంగముగ ప్రదర్శించుటను నిషేధించినవి. న్యూజిలాండు చట్టము ఆ నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆరు మాసముల వఱకు కారాగారము గాని, ఐదువేల డాలర్ల వఱకు జుల్మానా గాని దానిలోని దండన. వీధులన్నిటను నిషేధించుట తగునా యన్నది వివాదాస్పదమే. అంతకుముందు వాంగనూయి పట్టణమువారు చేసిన యిట్టి నియమము హద్దుమీఱినదని 2011లో అచటి హైకోర్టు కొట్టివేసినది. గాంధీటోపీ నెఱిగిన మనము, ఏ సంఘము నేరస్థమో నిర్ణయించు నధికారము బహిరంగ విచారణకును, అప్పీలుకును లోబడియుండవలయునని కోరక తప్పదు. అయినను అట్టి చిహ్నముతో వచ్చినవానిని వినోదశాలకు రానీయకుండుటలో అన్యాయము లేదు. అతడు తన్ను తాను ప్రకటించుకొన్నాడు. చొక్కా కొన్నవాడు ఏమియు ప్రకటింపలేదు.

కాన యజమానులు చేయదగిన దేమి? ఆయుధములకై అందఱిని ఒక్కతీరున సోదా చేయవచ్చును. త్రాగి తూలువానిని, బెదరించువానిని వెలికి బంపవచ్చును. కలహము చేసినవానిని పేరుతో నిషేధింపవచ్చును. ఇంగ్లండులో 1989 నాటి ఫుట్‌బాల్ ప్రేక్షకుల చట్టము క్రింద న్యాయస్థానములు అట్టివానిని పందెములకు బోకుండ నిషేధింపగలవు. అచటి పానశాలల యజమానులు పబ్‌వాచ్ అను పేర సంఘములుగ గూడి, ఒకచోట అల్లరి చేసినవానిని అన్నిచోట్ల నిరాకరింతురు. ఇవి మనుష్యుని నడతపై వేసిన కట్టుబాట్లు; చొక్కా మార్చుటచే తప్పించుకొన వీలుకానివి. ఉడుపుల నియమమే కావలయునన్నచో, అది ముందుగ ప్రకటింపబడి, ధనికునకును పేదకును, తెల్లవానికిని నల్లవానికిని ఒక్కటియై యుండవలెను. వెనుకకు ద్రిప్పబడినవాడు కారణమడిగినచో చెప్పవలెను. దానిని పుస్తకమున వ్రాయవలెను. వ్రాయుటకు సిగ్గుపడు కారణము చెప్పదగిన కారణము గాదు.

కావలివాని భయము నిజమైనది. ఆ భయమును పోగొట్టుటకు పని ఎక్కువ, వ్యయమును ఎక్కువ. ఒక కంపెనీ పేరును పలకపై వ్రాయుటకు సున్నపుకణిక చాలును. సులభమైన పని చేసి కష్టమైన పనిని తప్పించుకొను యజమానులకు లైసెన్సు లిచ్చువారు ఆ భేదమును గుర్తుచేయవలయును. కత్తి పట్టినవాడు ఏ చొక్కా తొడిగినను నేరస్థుడే. నిరపరాధి ఏ చొక్కా తొడిగినను వానికి వాకిలి తెఱచియే యుండవలయును.