ఆదిగంగకు గోడ ఒక్కటే చాలదు

కోల్‌కతాలో భవానీపూర్‌కు పడమటి అంచున, కాళీఘాట్ ఆలయం పక్కగా పారే మురుగు కాలువ ఒకనాటి గంగా ప్రవాహ మార్గమంటే నమ్మశక్యం కాదు. నది హుగ్లీ దారి పట్టాక పూడిపోయిన ఈ ఆదిగంగను 18వ శతాబ్ది చివరి పాదంలో విలియం టోలీ అనే ఆంగ్ల సైనికాధికారి తవ్వించి పడవలు నడిపించాడు. టోలీ నాలా అన్న పేరు అలా వచ్చింది. తర్వాతి పాలకులు అందులోని ‘నాలా’ను మాత్రమే గుర్తుంచుకున్నారు. 2009లో టాలీగంజ్ నుంచి గరియా దాకా పొడిగించిన మెట్రో రైలు మార్గానికి స్తంభాలను నదీగర్భంలోనే పాతారు.

ఆదిగంగ కాలుష్య నివారణకు జాతీయ స్వచ్ఛ గంగా మిషన్ 2022 డిసెంబరులో సుమారు 653 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మురుగుశుద్ధికి ప్రాధాన్యమివ్వడం సబబే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం చేపలు వృద్ధి చెందే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలి. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు దానిని హరిస్తాయి.

అయితే నీరు తేటపడినంత మాత్రాన చేప తిరిగి రాదు. హుగ్లీ ఆటుపోట్లు ఈ కాలువలోకీ వస్తాయి. పోటులో నానిన గట్టు, నీరు తీయగానే ఆసరా కోల్పోయి పెళ్లలుగా జారుతుంది. ఇంజనీర్లకు వెంటనే తోచే పరిష్కారం సిమెంటు గోడ. ఇళ్లు అంచుననే ఉన్నచోట అది తప్పదేమో కానీ, కాలువ పొడవునా కడితే గుడ్లు అంటుకునే మొక్క, చేపపిల్ల దాగే వేరు, వాటికి మేత అయ్యే పురుగు కూడా మిగలవు. వీలున్నచోట గట్టును వాలుగా చెక్కి, అడుగున వెదురు దడి కట్టి, పైన వట్టివేరు, నీటి అంచున తుంగ పెంచితే వేళ్లే మట్టిని బిగించి పట్టుకుంటాయి. వాలుకు స్థలం కావాలన్నది నిజమే. కానీ మెట్రోకు ఏకంగా నదిలోనే చోటిచ్చిన ప్రభుత్వాలు గట్టుమీది పేదలను మాత్రమే ఆక్రమణదారులనడం న్యాయం కాదు. ప్రత్యామ్నాయ వసతి చూపకుండా వారిని కదిలించరాదు.

ఇదే నగరానికి తూర్పున, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన చిత్తడి నేలల్లో, మత్స్యకారులు మురుగునీటిని లోతు తక్కువ చెరువుల్లో ఎండకు నిలిపి చేపలు పెంచుతున్నారు. అంతటి అనుభవజ్ఞులు చేరువలోనే ఉండగా వారిని సంప్రదించకుండా గట్టు పనులకు టెండర్లు పిలిస్తే అంతకంటే అవివేకం లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు గట్లకు గండ్లు పడి విజయవాడ మునగడం చూసిన మనవారికీ గోడలపైనే గురి కుదరడం సహజం. మూసీ తీరాన సుందరీకరణ మోజూ అటువంటిదే. ఇక్కడైనా, భవానీపూర్‌లోనైనా గుత్తేదారుకు బిల్లు చెల్లించే ముందు నీటిలోని ప్రాణవాయువును కొలిచి, ఆ అంకెను నెలనెలా ప్రజలకు ప్రకటించాలి.