నాటుకోడికి టీకాయే గిడ్డంగి

ధరవరల పుట చూసే వారికి ఫారం కోడిగుడ్డు ధర కొత్త విషయం కాదు. 1982లో ఏర్పడిన జాతీయ కోడిగుడ్ల సమన్వయ సంఘం విజయవాడ, హైదరాబాద్, చిత్తూరు వంటి కేంద్రాలకు నూరు గుడ్ల లెక్కన ధర ప్రకటిస్తున్నది. మిర్చి, పసుపు, వేరుశనగ, బెల్లం ధరలు యార్డుల నుంచి వస్తున్నవి. అయితే పెరట్లో తిరిగే నాటుకోడి ధర ఏ పుటలోను కనిపించదు. అది యార్డుకు రాదు. దానికి వేలం లేదు, చాలా ఊళ్లలో తూకం కూడ లేదు. వీధిలోకి వచ్చిన మారుబేరగాడు కోడిని కాళ్లు పట్టి ఎత్తి చూసి ఒక మాట చెబుతాడు. ఇల్లాలు మరొక మాట అంటుంది. బేరం అక్కడే ముగుస్తుంది.

సరుకు చిన్నదని దీనిని తోసివేయడానికి వీలు లేదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలోని కోళ్లు, తదితర పెంపుడు పక్షులు 85.18 కోట్లు. అందులో పెరటివి 31.71 కోట్లు. 2012 లెక్కతో పోల్చితే ఫారం పక్షులు 4.5 శాతం పెరిగితే, పెరటివి 45 శాతానికి పైగా పెరిగినవి. ఈ సంపద కొద్దిమంది చేతిలో లేదు. ఇంటికి అయిదో పదో చొప్పున కోట్ల ఇళ్లలో పరచుకుని ఉన్నది. పాల డబ్బు, పంట డబ్బు మగవారి చేతికి వెళ్లే ఇళ్లలో కూడ కోడి అమ్మిన డబ్బు చాలావరకు ఇల్లాలి కొంగు ముడిలోనే ఉంటుంది. పిల్లల పుస్తకాలకు, మందులకు, చీటీ పాట వాయిదాకు అదే అక్కరకు వస్తున్నది.

పట్టణాల్లో నాటుకోడి మాంసం ఫారం కోడి కంటె బాగా ఎక్కువ ధరకు పోతున్నది. సంక్రాంతికి, జాతరలకు గిరాకీ మరీ హెచ్చు. అయినా పెంచిన ఇంటికి ఆ ధర అందడం లేదు. కారణం ఏమని అడిగితే అందరూ మారుబేరగాని వైపు వేలు చూపిస్తారు. అందులో నిజం సగమే ఉన్నది. మిగతా సగం మన పెరట్లోనే ఉన్నది.

ఆగలేని వానికి ధర లేదు

ఏ సరుకులోనైనా ధర అడగగలిగేది ఆగగలిగిన వాడే. గుంటూరు మిర్చి రైతు ధర నచ్చకపోతే సరుకును శీతల గిడ్డంగిలో పెట్టుకుంటాడు. కళ్లంలోనే అమ్ముకోవలసి వచ్చిన రైతు ఇచ్చింది పుచ్చుకుంటాడు. నాటుకోడి విషయంలోను ఇదే సూత్రం. పండుగ వరకు ఆగితే మంచి ధర వస్తుందని ఇల్లాలికి తెలియక కాదు. ఆ కోడి పండుగ వరకు బ్రతుకుతుందన్న నమ్మకం లేక అమ్ముతున్నది. పక్క ఊళ్లో కోళ్లు తూలి పడిపోతున్నవన్న వార్త రాగానే ఆ పూటే పెట్ట, పుంజు అన్న భేదం లేకుండ గంపలకెక్కుతున్నవి. వీధి వీధంతా ఒక్కరోజే అమ్మకానికి దిగితే ధర నిలిచేదెట్లా? అలా కొన్నవాటిలో కొన్ని అప్పటికే జబ్బు తగిలినవి. అవి వారపు సంతకు చేరి, అక్కడినుంచి మరొక ఊరికి తెగులును మోసుకుపోతున్నవి. ఇందులో అమ్మినవారి తప్పు, కొన్నవారి తప్పు సమానమే.

ఈ భయానికి మూలం కొక్కెర తెగులు. దానినే రాణిఖేత్ వ్యాధి అంటున్నారు. 1920ల చివర కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో దీనిని గుర్తించినందువల్ల ఆ పేరు వచ్చింది. విదేశాల్లో న్యూకాజిల్ వ్యాధి అన్నా ఇదే. ఆకుపచ్చని విరేచనం, రెక్కలు వాలిపోవడం, ఊపిరాడక నోరు తెరవడం, మెడ మెలిపడడం దీని గుర్తులు. టీకా లేని మందలో ప్రవేశిస్తే కొద్ది రోజుల్లోనే గూడు ఖాళీ అవుతుంది. తగిలిన తరువాత దీనికి మందు లేదు. తగలకముందు వేసే టీకా మాత్రం ఉన్నది.

టీకా షెడ్యూలు కష్టమైనదేమీ కాదు. పిల్లకు 5 నుంచి 7 రోజుల మధ్య ఎఫ్ లేక లాసోటా టీకా కంట్లో ఒక చుక్క, ముక్కులో ఒక చుక్క వేస్తారు. నాలుగు వారాలకు లాసోటా మరొకసారి. ఎనిమిది వారాలు నిండిన తరువాత ఆర్2బి టీకా అర మిల్లీలీటరు రెక్క కింద చర్మంలోకి సూదిమందుగా ఇస్తారు. ఈ చివరిది పసిపిల్లలకు వేయరాదు.

వంద మోతాదుల సీసా, ఎనిమిది కోళ్ల ఇల్లు

మరి ఇంత సులువైన పని ఎందుకు జరగడం లేదు? చిక్కు సీసాలో ఉన్నది. టీకా తయారీ ఫారాల లెక్కలో సాగుతున్నది. సీసాలో వంద మోతాదులు, రెండు వందలు, అయిదు వందలు, వెయ్యి కూడ ఉంటున్నవి. పొడిని ద్రవంలో కలిపిన తరువాత మంచులో ఉంచి రెండు గంటలలోగా వాడివేయాలి. మిగిలింది పారబోయవలసిందే. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు వంద మోతాదుల సీసాను ఏం చేసుకుంటుంది? ఎనిమిది కోళ్ల కోసం సీసా తెరవడానికి పశువైద్యశాల సిబ్బందికీ చేతులు రావు. వృథా అయిన మందుకు వారు లెక్క చెప్పాలి. ఇద్దరి మాటలోను న్యాయం ఉన్నది. నష్టం మాత్రం కోడికి.

ఒక ఇంటికి ఎక్కువైన సీసా ఒక వీధికి ఎక్కువ కాదు. పదిహేను ఇళ్లు కలిస్తే వంద కోళ్లు సునాయాసంగా లెక్క తేలుతవి. కనుక ఊరికో వాడకో టీకా రోజును ముందుగా నిర్ణయించుకోవాలి. ఆ రోజు తెల్లవారుజామున గూళ్లు, గంపలు తెరవకముందే పని ముగించాలి. ఒకసారి బయటకు వదిలితే నాటుకోడిని పట్టడం ఎవరి తరమూ కాదు. మంచుగడ్డలు వేసిన ఫ్లాస్కులో సీసా వస్తే రెండు గంటల్లో వీధి పూర్తవుతుంది. వారం ముందు నులిపురుగుల మందు ఇస్తే టీకా బాగా పట్టుతుంది. మహిళా పొదుపు సంఘాలు లేని ఊరు మనకు అరుదు. నెలవారీ సమావేశంలో కోళ్ల లెక్క వ్రాసుకుని, పశువైద్యశాలకు ముందుగా తెలిపి, కోడికింత అని స్వల్పంగా వసూలు చేస్తే ఎవరికీ భారం కాదు.

ఇది ఊహాగానం కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు వేడికి కొంతవరకు తట్టుకునే ఐ-2 అనే టీకాను పల్లె కోళ్ల కోసమే రూపొందించినారు. మొజాంబిక్, టాంజానియా దేశాల్లో పల్లెవారే కొద్దిపాటి శిక్షణ పొంది నాలుగు నెలలకొకసారి కంటి చుక్కగా దానిని వేస్తున్నారు. కోడికింత అని పుచ్చుకుంటున్నారు. అక్కడ సాధ్యమైనది పశువైద్యశాలలు, పొదుపు సంఘాలు రెండూ ఉన్న తెలుగు పల్లెలో ఎందుకు సాధ్యం కాదు?

పెట్టను అమ్మితే మూలధనం పోయినట్లే

లెక్క వేసి చూద్దాం. నాటుపెట్ట ఏడాదికి 60, 70 గుడ్ల కంటె ఎక్కువ పెట్టదు. ఆ మాటకే దానిని తీసిపారేసే వారున్నారు. కాని గుడ్లు పెట్టి తానే పొదుగుతుంది, 21 రోజులకు పిల్లల్ని లేపుతుంది, గ్రద్దను ఎదిరించి సాకుతుంది. కరెంటు పొదుగు యంత్రం, బల్బు వెలుగు, కూలి ఏదీ అడగదు. ఏడాదికి మూడుసార్లు పదేసి గుడ్లు పొదిగిందనుకుందాం. 24 పిల్లలు లేచి సగం పెరిగినా పన్నెండు కోళ్లు. ఒక్క తెగులు వచ్చిందా, పన్నెండూ పోవడమే కాక తల్లి కూడ పోతుంది. కనుక తెగులు భయానికి మొదట పెట్టనే గంపకెక్కించడం విత్తనపు వడ్లు దంచుకు తినడం వంటిది.

ప్రభుత్వ పథకాల కింద పిల్లల్ని పంచుతున్నారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ మంచి రకాలే. వనరాజా బరువులోను, గ్రామప్రియ గుడ్లలోను నాటుకోడిని మించినవి. వాటిని కాదనడం మా ఉద్దేశం కాదు. కాని ఆ పెట్టలు పొదుగుకు కూర్చోవు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి పిల్లల్ని లేపినా, అవి సంకర రకాలు గనుక తల్లిదండ్రుల గుణం అట్లాగే దిగదు. మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ కొనాలి. పైగా బరువెక్కిన కోడి కుక్క నుంచి తప్పించుకోలేదు. చిన్న ఒళ్లు గల నాటుకోడి ఒక్క ఎగురుతో చెట్టెక్కుతుంది. జావాలోని బాంటం రేవు పేరుతో పిలిచే చిట్టికోళ్లను విదేశాల్లో పొదుగు కోసం ఇష్టంగా పెంచడానికి కారణం కూడ వాటి తల్లితనమే. పిల్లల్ని పంచే పథకం పక్కనే టీకా రోజు లేకపోతే ఇచ్చిన పిల్లలు కూడ అదే తెగులుకు పోతవి.

పెంపకందారులు కూడ రెండు మూడు అలవాట్లు మార్చుకోవాలి. పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఆ పుంజును ఏళ్ల తరబడి ఉంచితే తన పిల్లలతోనే కలిసి జాతి క్షీణిస్తుంది. రెండేళ్లకొకసారి మరొక ఊరి పుంజుతో మార్చుకోవడం మంచిది. బయటినుంచి తెచ్చిన కోడిని రెండు వారాలు విడిగా కట్టి ఉంచాలి. సంతలో అమ్ముడుపోక తిరిగి వచ్చిన కోడికి కూడ ఇదే నియమం. సంక్రాంతి బేరం ఆశించేవారు జూన్‌లో పొదుగు వేస్తే పుంజు పిల్లలు ఆరు నెలలు దాటి అమ్మకానికి అందివస్తవి.

అమ్మకంలో తూకం అడగాలి. వీధిలో ఒక్క త్రాసు ఉంటే చాలు, కంటిచూపు బేరం సగం తగ్గుతుంది. ఇక పశుసంవర్ధక శాఖ చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పెరటి కోళ్లకు తక్కువ మోతాదుల సీసాలు తెప్పించాలి. అవి వచ్చేలోగా ఊరివారీగా టీకా తేదీలను నోటీసు బోర్డుపై ముందుగా ప్రకటించాలి. తెరిచిన సీసాలో మిగిలిన నాలుగు చుక్కలకు సిబ్బందిని సంజాయిషీ అడగడం మానుకోవాలి. పారబోసిన పాతిక మోతాదుల కంటె చచ్చిన పాతిక కోళ్ల ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ.

కొక్కెర తెగులు భయం లేని ఇల్లాలు మారుబేరగానితో "ఇవాళ కాదు, పండక్కి రా" అనగలుగుతుంది. నాటుకోడికి ధర వచ్చేది ఆ రోజునే.