ఆ విషయం ఎత్తొద్దు!

పోప్ అనగానే చక్రవర్తులకే కిరీటం పెట్టే మనిషి అనుకుంటాం. మొదటి మార్టిన్ కథ చదివేదాకా నేనూ అంతే. ఏడో శతాబ్దంలో పోప్ అంటే కాన్‌స్టాంటినోపుల్‌లో కూర్చున్న బైజాంటైన్ చక్రవర్తికి ఒక ప్రజ మాత్రమే. రోమ్‌లో ఎన్నికైనా అక్కణ్ణుంచి ఆమోదం రావాలి. 649లో మార్టిన్ ఆ ఆమోదం కోసం ఆగకుండానే పదవిలో కూర్చున్నాడు.

అప్పటి గొడవ క్రీస్తుకి ఉన్న సంకల్పం ఒకటా, రెండా అని. మనకిది కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలా ఉంటుంది గానీ, వాళ్లకి మోక్షానికి సంబంధించిన ప్రశ్న. చక్రవర్తి రెండో కాన్‌స్టాన్స్ 648లో 'టైపోస్' అనే ఆజ్ఞ ఇచ్చాడు: ఒకటని అనొద్దు, రెండనీ అనొద్దు, అసలా విషయమే ఎత్తొద్దు. గ్రూపులో గొడవైతే అడ్మిన్ అందరి మెసేజ్‌లూ ఆపేసినట్టు! ఆయన ఇబ్బంది నాకు అర్థమవుతుంది. సిరియా, ఈజిప్టు అప్పటికే అరబ్బుల చేతికి పోయాయి. మిగిలినవాళ్లూ కొట్టుకుంటే రాజ్యం ఏం కాను? కానీ నోళ్లు నొక్కితే వచ్చేదాన్ని శాంతి అంటే మాత్రం నేనొప్పుకోను.

మార్టిన్ కూడా ఒప్పుకోలేదు. ఆ ఏడాదే లేటరన్‌లో వందమందికి పైగా బిషప్‌లతో సభ పెట్టి ఆజ్ఞని ఖండించాడు. 653లో సైనికులొచ్చి, జబ్బుతో మంచాన పడ్డ మనిషిని చర్చిలోంచి పట్టుకుపోయారు. కాన్‌స్టాంటినోపుల్‌లో రాజద్రోహం కేసు. విశ్వాసం మాట తీయబోతే అధికారులు అడ్డుకున్నారు. అంటే టైపోస్ విచారణలో కూడా అమలైందన్నమాట. చివరికి క్రిమియాలోని ఖెర్సన్‌కి పంపేశారు.

నన్ను కుదిపింది మాత్రం ఆయన అక్కణ్ణుంచి రాసిన ఉత్తరాల సంగతి. ఇక్కడ తిండి కరువు, రోమ్‌లోని నావాళ్లు నన్ను మర్చిపోయారు అని వాపోయాడు. మర్చిపోవడమేంటి, 654లో ఆయన బతికుండగానే యూజీన్‌ని పోప్‌గా ఎన్నుకున్నారు! చక్రవర్తి తన మనిషిని కూర్చోబెడతాడేమోనన్న భయంతో అంటారు. సరే, భయపడ్డారు. కాస్త గోధుమలు పంపడానికేమైంది? చక్రవర్తి కంటే వీళ్ల మీదే నాకు కోపం ఎక్కువ. 655లో మార్టిన్ అక్కడే చనిపోయాడు.

680-81లో అదే కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మహాసభ సంకల్పాలు రెండని తేల్చింది, అంటే మార్టిన్ మాటే. దానికి ముందు 663లో కాన్‌స్టాన్స్ స్వయంగా రోమ్ వచ్చాడు. పోప్ విటాలియన్ ఊరి బయటికి ఎదురెళ్లి స్వాగతం చెప్పాడు. చక్రవర్తి పన్నెండు రోజులుండి, పాంథియాన్ పైకప్పు మీది కంచు పలకలు ఊడబీకించి పట్టుకుపోయాడు. ఆ పన్నెండు రోజుల్లో ఒక్కరైనా ఆయన ముందు మార్టిన్ పేరెత్తారంటే నేను నమ్మను.