అవస్థాభ్యంగనమా, రోగుల అభ్యంగనమా?

మన కథోలిక గృహములలో ఒకరు మంచము పట్టినప్పుడు జరుగు విపరీతమును గూర్చి మేము కొంత కటువుగా వ్రాయక తప్పదు. వ్యాధి ముదిరిన కొలది ఇంట జపమాలలు హెచ్చును. నవదిన ప్రార్థనలు మొదలగును. గుణదల కొండకు మ్రొక్కుకొందురు. ఇవన్నియు మంచివే. కాని విచారణ గురువును పిలిపింతమని ఎవరైన అనిరో, ఇల్లంతయు ఉలికిపడును. “అప్పుడే గురువుగారెందుకు? మనిషికేమైనదని?” అందురు. ఆ మాట అన్నది కోడలైనచో ఆమె గతి చెప్పనక్కరలేదు. మామగారి చావు కోరినదన్న నింద ఏండ్ల తరబడి ఆమెను వెన్నాడును. తుదకు రోగికి స్మృతి తప్పి, వైద్యులు ఆశ వదలుకొనిన పిమ్మట, అర్ధరాత్రమున పోయి గురువు తలుపు తట్టుదురు.

ఈ భీతికి వేదమున ఆధారమేమి? యాకోబు లేఖ 5వ అధ్యాయము చెప్పునది రోగిని గూర్చియే కాని కొనయూపిరితో నున్నవానిని గూర్చి కాదు. రోగి సంఘపు పెద్దలను పిలిపింపవలెననియు, వారు తైలమలది ప్రార్థింపగా ప్రభువు వానిని లేవనెత్తుననియు అచ్చట నున్నది. పిలిపించుటకు రోగికి తెలివి యుండవలెను గదా! పశ్చిమ దేశములలో మధ్యయుగమున ఈ సంస్కారము క్రమముగా మృత్యుశయ్య దగ్గరకు జరుపబడి, 12వ శతాబ్దమున కడపటి అభ్యంగనమను పేరు పొందినది. మనవారును అవస్థాభ్యంగనమనిరి. సగము కీడు ఆ పేరే చేసినది. అయినను 1551లో ట్రెంటు మహాసభ ఈ విషయమును విచారించినప్పుడు, మొదటి చిత్తుప్రతిలో మరణాసన్నులకు ‘మాత్రమే’ అని యుండగా, సభవారు దానిని కొట్టివేసి ‘ముఖ్యముగా’ అని దిద్దిరి. ఆ ఒక్క మాట దిద్దుబాటులో ఎంత దయ యున్నదో పిమ్మటి శతాబ్దములవారు గమనింపరైరి. 1963 డిసెంబరు 4న రెండవ వాటికను మహాసభ దీనిని రోగుల అభ్యంగనమనుటయే మేలనియు, ఇది కేవలము ప్రాణాంతమున నున్నవారి సంస్కారము కాదనియు ప్రకటించినది. 1972లో ఆరవ పౌలు పోపు కర్మవిధానమును సవరించెను. నొసటను చేతులను తైలమలదుట చాలును. ఒలీవనూనె దొరకనిచోట మరియొక చెట్టునూనె యైనను పనికివచ్చును. గొప్ప శస్త్రచికిత్సకు పోవువారును, వార్ధక్యముచే కృశించినవారును దీనిని పొందవచ్చును. కోలుకొని మరల జబ్బుపడినచో మరల పొందవచ్చును. తలనొప్పికి దీనిని కోరుడని మేమనుటలేదు.

ఆలస్యమువలన కలుగు నష్టమెట్టిదో చూడుడు. స్మృతి లేనివానికి సైతము అభ్యంగనమీయవచ్చును. దానిని గురువులు కాదనరు. కాని వాడు పాపసంకీర్తనము చేయజాలడు. దివ్యసత్ప్రసాదమును మ్రింగజాలడు. మరణించువారికి పాథేయముగా శ్రీసభ విధించినది నిజమునకు ఈ సత్ప్రసాదమే, తైలము కాదు. తమ్మునితో పది యేండ్లు మాటలాడని యన్న ఆ గడియలో ఏమి చెప్పుకొనగోరెనో ఎవరికి తెలియును? వానిపై గల ప్రేమచేతనే మనమా నోరు కట్టివేయుచున్నాము.

రోగి భయపడునందురు. రోగికి తెలియనిదా? కోతకు ముందు ఆసుపత్రివారు చేవ్రాలు పుచ్చుకొనినప్పుడు భయపడనివాడు గురువు చేతి నూనెను చూచి భయపడునా? భయము మంచము చుట్టు నిలిచినవారిది. దానిని రోగికి అంటగట్టుచున్నారు. ఇంకొక వింత. మంగళవార్త జపమునందు మరణ సమయమున మా కొరకు వేడుకొనుమని మరియమాతను అడుగుదుము. ఒక జపమాలలో ఏబది మారులీ మాట మన నాలుకపై నడచును. అట్టివారి ఇంట, ఆ సమయమునకు సిద్ధపడుదమని ఒక్కమా రన్న అపశకునమా! జపమాల నిట్లు చెవులు మూసికొనుటకై వాడుట మాతకు మ్రొక్కు కాదు. నిందితురాలు జపమాల కాదు. అది రోగిని సంస్కారమునకు సిద్ధపరుపవలసినది. మనము దానిని గుమ్మమునకు అడ్డముగా కట్టితిమి.

తప్పంతయు గృహస్థులదే యనుటయు న్యాయము కాదు. జ్ఞానస్నానమును గూర్చియు వివాహమును గూర్చియు పీఠముపై పలుమారులు వినుదుము. ఈ సంస్కారమును గూర్చి విన్న దెన్నడు? గుణదలలో 1924నుండి మరియమాత స్వరూపమున్నది. ఫిబ్రవరి 11న ముగియు ఉత్సవమునకు వచ్చు జనమునకు లెక్కలేదు. రెండవ జాన్ పౌలు పోపు 1992లో అదే దినమును ప్రపంచ రోగుల దినముగా నిర్ణయించెను. రోగులకు, వృద్ధులకు పూజ నడుమ, సంఘము నెదుట అభ్యంగనమిచ్చు పద్ధతి కర్మవిధాన గ్రంథముననే యున్నది. ప్రతి విచారణలోను ఆ దినమున దానిని జరుపుడని గురువులను కోరుచున్నాము. నొసట తైలముతో తన కాళ్లపై నడచి ఇంటికి పోవు అవ్వను వీథివారు నాలుగు సంవత్సరములు వరుసగా చూతురుగాక. ఆ పిమ్మట గురువును పిలువుమన్న కోడలిని నిందించుట అత్తలకు అంత సులభము కాదు.