పన్నెండో తరగతి సాకు

డార్విన్‌ను ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల నుంచి తొలగించారన్నది తప్పుడు ప్రచారమట! 2023లో అప్పటి కేంద్ర విద్యాశాఖ సహాయమంత్రి సుభాష్ సర్కార్ సెలవిచ్చారు. కొవిడ్ వేళ పిల్లల మీద భారం తగ్గించడానికే పాఠాలను కుదించామని, పన్నెండో తరగతిలో డార్విన్ సిద్ధాంతం ఉండనే ఉందని, చదవాలనుకునే పిల్లలకు వెబ్‌సైట్లలో దొరుకుతుందని ఆయన వివరణ. ఈ కోతను నిరసిస్తూ 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు పెట్టి రాసిన బహిరంగ లేఖకు చివరికి దక్కిన జవాబు ఇదీ. పాఠం పోయిందన్న బాధ ఒక ఎత్తు. పోయిందని చెప్పినవాళ్లను అబద్ధాలకోరులుగా నిలబెట్టడం మరో ఎత్తు.

పిల్లల పుస్తకాల సంచి బరువు తగ్గాల్సిందే. కొవిడ్ రెండేళ్ల చదువును మింగేసిన మాటా నిజమే. అయితే 2020లో సీబీఎస్‌ఈ పరీక్షల సిలబస్‌ను 30 శాతం దాకా తగ్గించినప్పుడు పుస్తకం జోలికి పోలేదు. పరీక్షకు రాని పాఠం కూడా పుస్తకంలో మిగిలే ఉంది. ఆసక్తి ఉన్న టీచరు చెప్పుకోవచ్చు, ఆసక్తి ఉన్న పిల్ల తిప్పి చూసుకోవచ్చు. బడులు తెరుచుకుని, గంటలు మోగి, హాజరు పట్టీలు నిండాక 2023లో ఆ పేజీలే లేకుండా కొత్త పుస్తకాలు అచ్చయ్యాయి. పదో తరగతి సైన్స్ పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయం ఉత్త ‘అనువంశికత’గా మిగిలింది. మహమ్మారి తాత్కాలికం, కోత శాశ్వతం!

ఈ వ్యవహారమంతటిలో నిజాయితీ బొత్తిగా కొరవడిన మాట ఒకటుంది. పన్నెండో తరగతిలో ఉంది కదా అన్నదే ఆ మాట. నిజమే, ఉంది. ఎవరి కోసం ఉంది? జీవశాస్త్రం ఎంచుకున్నవాళ్ల కోసం. పదకొండులో కామర్సుకో, హ్యుమానిటీస్‌కో, లెక్కలకో వెళ్లిపోయినవాళ్లకు ఆ పుస్తకంతో పనే లేదు. మన తెలుగు నేలకు వస్తే సంగతి ఇంకా సూటిగా తెలుస్తుంది. పది ఫలితాలు వచ్చీ రాగానే పిల్లలు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, ఎంఈసీ, హెచ్‌ఈసీలుగా చీలిపోతారు. కొందరు పాలిటెక్నిక్‌కు, కొందరు ఐటీఐకి, కొందరు నేరుగా పనిలోకి, కొందరు ఆడపిల్లలు పెళ్లిపీటల మీదికి. జీవపరిణామం ఇంటర్ రెండో ఏడాది జంతుశాస్త్రంలో ఉంటుంది. దాని మొహం చూసేది బైపీసీ వాళ్లే. నీట్ ర్యాంకుల వేటలో పడ్డాక వాళ్లకైనా అది పాఠంగా మిగలదు, బిట్ల కట్టగా మారిపోతుంది.

రేపు ఇంజినీరయ్యేవాడు, ఆడిటరయ్యేవాడు, తహసీల్దారు, న్యాయమూర్తి, విలేకరి, ఆ మాటకొస్తే విద్యాశాఖ మంత్రి అయ్యేవాడు కూడా జీవశాస్త్రాన్ని ఆఖరిసారి ముట్టుకునేది పదో తరగతిలోనే. దేశమంతటికీ ఒక ఉమ్మడి విజ్ఞాన ప్రమాణం పెట్టుకునేది ఇలాంటివాళ్ల కోసం. డాక్టర్లు కాబోయేవాళ్లకు వేరే పుస్తకాలు ఎలాగూ ఉంటాయి. కానివాళ్లకు సైతం ఇంతమాత్రం తెలిసి ఉండాలని గీసుకునే గీత అది. పిల్లలంతా ఒకే పుస్తకం ముందు కూర్చునే ఆఖరి గది పదో తరగతిది. ఆ గీతను అక్కడ చెరిపేసి, రెండు గదుల అవతల కొద్దిమంది ముందు మళ్లీ గీసి, ఎక్కడికీ పోలేదని చెప్పడమేమిటి? పెళ్లిలో బంతి మొత్తానికీ వడ్డించాల్సిన పప్పును విడిదింట్లో దాచిపెట్టి, వండలేదని ఎవరన్నారంటూ అతిథులనే దబాయించినట్టుంది. పదో తరగతి నుంచి తీసేసిన ఆవర్తన పట్టిక పదకొండో తరగతిలో ఉందన్న జవాబుదీ ఇదే కోవ. ఇక శక్తి వనరులు, సహజ వనరుల యాజమాన్యం అధ్యాయాలు మొత్తానికి మొత్తంగా ఎగిరిపోయాయి.

ఈ కోతకు ఎన్‌సీఈఆర్‌టీ కొన్ని కొలమానాలు చెప్పింది. పై తరగతిలోనో కింది తరగతిలోనో మళ్లీ వచ్చేవి, పిల్లలకు కష్టమైనవి, టీచరు ప్రమేయం పెద్దగా లేకుండా సొంతంగా నేర్చుకోగలిగినవి, నేటి కాలానికి పనికిరానివి తీసేశామంది. పరిణామ సిద్ధాంతం వీటిలో దేని కింద పోయింది? కష్టమని పోయిందా, సొంతంగా నేర్చుకునేంత సులువని పోయిందా? రెండూ ఒకేసారి కుదరవు. పై తరగతిలో వస్తుంది కాబట్టి అన్నదే జవాబైతే, కిరణజన్య సంయోగక్రియ, విద్యుత్తు, ఆమ్లాలు, క్షారాలు కూడా పై తరగతుల్లో వస్తాయి. వాటి మీద ఈ కత్తెర ఎందుకు పడలేదు?

తీసేసిన పేజీల్లో ఏముందో మంత్రిగారు ఒక్కసారి తిరగేశారా? పచ్చని పొదల్లో పన్నెండు ఎర్రపురుగులు. వాటిని ఏరుకుతినే కాకులు. ఆ పురుగుల్లో ఆకుపచ్చ రంగుది ఒకటి పుడితే, ఆకుల్లో కలిసిపోయి, కాకి కంటికి చిక్కక, దాని సంతతి ఎలా పెరుగుతుందో చెప్పే చిన్న కథ. ఏనుగొచ్చి పొదలు తొక్కేస్తే ఏ రంగు పురుగులు మిగులుతాయన్న మరో కథ. ఒక్క అడవి క్యాబేజీ నుంచి మనిషి ఏరికోరి పెంచగా క్యాలీఫ్లవర్, బ్రొకోలీ, నూల్‌కోల్ ఎలా వచ్చాయన్న ముచ్చట. పదిహేనేళ్ల పిల్ల మోయలేని బరువా ఇది? త్రికోణమితిని మోస్తున్న భుజాలే కదా అవి!

అధ్యాయం చివర మానవ పరిణామం ఉండేది. ఒంటి రంగును బట్టి మనుషులను విడదీయడానికి జీవశాస్త్రంలో ఆధారమేమీ లేదని, భూమ్మీద మనుషులంతా ఒకే జాతి జీవులని, అందరి మూలాలూ ఆఫ్రికాలోనే ఉన్నాయని అక్కడ రాసి ఉండేది. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే సమాజంలో, పెళ్లి ప్రకటనల్లో తెల్లని రంగును వెతుక్కునే దేశంలో ప్రతి పిల్లా పిల్లవాడూ ఒక్కసారైనా చదవాల్సిన మాటలు అవి. చింపాంజీ నుంచి మనిషి రాలేదని, ఎప్పుడో చాలాకాలం కిందట ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులు ఉండేవారని కూడా ఆ పేజీలే వివరించేవి. 2018లో అప్పటి కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదని, డార్విన్ సిద్ధాంతం తప్పని, పాఠాలు మార్చాలని అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ కలిసి ఖండించాయి. సీనియర్ మంత్రి మందలించారు. వ్యవహారం అక్కడితో ముగిసిందనుకున్నాం. సత్యపాల్ సింగ్‌కు పదో తరగతి స్థాయిలో జవాబు చెప్పగల పేజీలే అయిదేళ్లలో కనబడకుండా పోయాయి. కాకతాళీయమేనంటారా? అలాగే అనుకుందాం. అప్పుడు తిరిగి పెట్టడానికి అభ్యంతరమేమిటి?

డార్విన్‌తో సామాన్యుడికేం పనని ఇంకా అడిగేవాళ్లు మన పత్తి రైతు దగ్గరికి వెళ్లాలి. కాయతొలుచు పురుగు పీడ విరగడవుతుందని బీటీ పత్తి తెచ్చుకున్నాం. 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాల పొట్లం కూడా ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ వేయమనేవారు. ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పలేదు. పురుగు తినే విత్తనాన్ని చేతులారా వేసుకోవడమేమిటని చాలామంది పక్కన పడేశారు. నిజానికి అందులో ఉన్నది ఎర్రపురుగుల కథే. బీటీ విషాన్ని తట్టుకోగల పురుగులు ఎక్కడో కొన్ని ఉంటాయి. చేనంతా బీటీయే అయితే తక్కినవన్నీ చచ్చి, ఆ మొండి పురుగులే మిగిలి, వాటిలో అవే జతకట్టి, వాటి సంతతే చేనంతా నిండుతుంది. చుట్టూ నాన్ బీటీ మొక్కలుంటే విషానికి లొంగే పురుగులూ బతికి వాటితో కలుస్తాయి, మొండితనం అంత త్వరగా పాకదు. ఆ పొట్లం వెనక ఉన్నది ప్రకృతివరణం తప్ప వేరేమీ కాదు. గులాబీ రంగు పురుగు బీటీని జయించి వరంగల్ నుంచి గుంటూరు దాకా కాయల్ని గుల్ల చేశాక ఆ లెక్క అందరికీ తెలిసొచ్చింది, అప్పుల రూపంలో. ఆ రైతు బిడ్డ ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటేనే ఈ సంగతి తెలియాలని ఢిల్లీ నిర్ణయించింది.

కొవిడ్ పేరు చెప్పి ఈ పాఠాన్నే తీసేయడం మరీ విడ్డూరం. డెల్టా, ఒమిక్రాన్ పేర్లు పల్లెల్లో టీకొట్ల దాకా పాకిన రెండేళ్లలో దేశం మొత్తం కళ్లారా చూసింది జీవపరిణామాన్నే. వైరస్‌లో మార్పులు రావడం, వాటిలో ఎక్కువగా అంటుకునేది మిగతావాటిని తోసేసి విస్తరించడం ఆ సిద్ధాంతం చెప్పేదే. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు వైరస్ జన్యుక్రమాలు విప్పుతూ వేరియంట్ల జాడ తీసింది ఆ పరిజ్ఞానంతోనే. జబ్బును అర్థం చేసుకోవడానికి అక్కరకొచ్చే పాఠాన్ని ఆ జబ్బు పేరు చెప్పే చెరిపేయడం, ఎవరికి తోచిందో గానీ, మామూలు బుర్ర కాదు.

వెబ్‌సైట్ల మాటకు జవాబివ్వాలంటేనే చిరాకు కలుగుతోంది. అక్కడ దొరుకుతుంది గనుక బడిలో అక్కర్లేదంటే, లెక్కలూ దొరుకుతాయి, రామాయణమూ దొరుకుతుంది, ఇక బడి దేనికి? లాక్‌డౌన్‌లో ఇంటికి ఒకే ఫోను ఉండి, అది తండ్రితో పాటు పనికి వెళ్లిపోతే చదువు ఆగిపోయిన పిల్లలు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో. పాఠం పుస్తకంలో ఉంటే వాళ్లకు ఊరికే వచ్చేది. పైగా ఇంటర్‌నెట్‌లో డార్విన్ ఒక్కడే లేడు. డార్విన్‌ను తిట్టే వీడియోలూ కొల్లలుగా ఉన్నాయి. ఏది నమ్మాలో తేల్చుకునే బుద్ధిని ఇవ్వాల్సిన తరగతి గది తప్పుకుని, వెళ్లి వెతుక్కోమంటోంది.

తెలుగు రాష్ట్రాలు దీన్ని ఢిల్లీ తగాదాగా చూసి ఊరుకోవడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వెయ్యి సర్కారు బడులు సీబీఎస్‌ఈ గొడుగు కిందికి వెళ్లాయి. ఉమ్మడి ప్రమాణాల పేరిట ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల వైపు మొగ్గు పెరిగింది. పోటీ పరీక్షలు ఎక్కువగా ఆ పుస్తకాల మీదే నడుస్తున్నప్పుడు మన పిల్లలు వెనకబడకూడదన్న ఆత్రుత సబబే. కానీ ఉమ్మడి ప్రమాణమంటే కనీసం ఇంత ఉండాలన్న హామీ కావాలి. అందరికీ ఒకేలా కోత పెట్టడం ప్రమాణం కాదు. 2023 నాటి మన రాష్ట్రాల సొంత పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం ఈ విషయంలో ఎన్‌సీఈఆర్‌టీకి పాఠం చెప్పగలదు. పరిణామం అందులో ఉండేది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో బయటపడి, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉన్న కోటసారస్ డైనోసార్ ప్రస్తావన కూడా ఉండేది. గోదావరి లోయలో దొరికిన ఎముకల్ని చూపించి పరిణామం చెప్పే పుస్తకం చేతిలో ఉండగా, దాన్ని పక్కన పడేసి కత్తిరించిన పుస్తకాన్ని కళ్లకద్దుకోవాలా?

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం రాష్ట్ర బోర్డులకు చట్టం కాదు. విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. దాన్ని ఆ జాబితాలోకి తెచ్చిన 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణే శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 51ఎ(హెచ్)లో చేర్చింది. కేంద్రం అందులో మొదటి భాగాన్ని వాడుకుని రెండోదాన్ని మరచిపోతే గుర్తుచేయాల్సింది రాష్ట్రాలే. రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలూ తమ పదో తరగతి పుస్తకంలో పరిణామం ఉండి తీరుతుందని ప్రకటించాలి. సీబీఎస్‌ఈ బడులకు తీసేసిన పేజీలను తెలుగు, ఇంగ్లిష్ మాధ్యమాల్లో అనుబంధ పుస్తకంగా అచ్చువేసి ఇవ్వాలి.  నిండా పాతిక పేజీలు ఉండని పుస్తకానికి ఎక్కువ వ్యవధి అక్కర్లేదు.